వెనుక ఇరుసుకు ఏ కందెన?

ఈ శీర్షిక చూసి పంతులు దారి తప్పాడని మిత్రులు అనుకోవచ్చు. ఛందస్సు, వ్యాకరణం, మహా అయితే పాతకాలపు బడుల ముచ్చట్లు వ్రాసుకొనే చోట ట్రాక్టరు నూనె సంగతి ఎందుకు వచ్చిందన్న సందేహం సహజమే. కానీ కందెన అన్నది మన మాట. బండి ఇరుసుకు పూసే జిడ్డును మనవాళ్లు కందెన అన్నారు. ఇంగ్లీషువారు లూబ్రికెంట్ అనేదానికి ఇంతకంటె చక్కని తెలుగు మాటను నేనెరుగను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత మనకు తెలిసినదే. అయితే ఆ సామెత కందెన వేయాలని మాత్రమే చెప్పింది, ఏ కందెన వేయాలో చెప్పలేదు. ఈ టపా ఆ రెండవ ప్రశ్నను గురించి.

నిజామాబాదు నుంచి బోధన్ పోయే బాట మీద నా పాత శిష్యుడొకడు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. పదవ తరగతిలో సవర్ణదీర్ఘసంధికీ గుణసంధికీ తేడా చెప్పమంటే కిటికీలోంచి బయటకు చూసేవాడు. ఇవాళ ఇంజను చప్పుడు విని లోపల ఏ పన్ను అరిగిందో చెప్పగలడు. నిరుడు చెరకు నరికే రోజులలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, తేనీరు కూడా ముట్టుకోకుండా ఒక సంగతి చెప్పాడు.

వర్ని వైపు పల్లె నుంచి ఒక ట్రాక్టరు ట్రాలీ నిండా చెరకుతో కాలువ కట్ట దిగుతున్నది. నడిపేవాడు కూలికి నడిపే ఇరవై ఏళ్ల కుర్రవాడు. బ్రేకు తొక్కితే కీచుమని అరిచిందే గాని బండి ఆగలేదు. ట్రాలీలలో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. వెనుక ఉన్న బరువంతటినీ ట్రాక్టరు బ్రేకే మోయాలి. ఎదురుగా వస్తున్న బస్సును తప్పించబోయి ఆ పిల్లవాడు బండిని పొలంలోకి దించాడు. ప్రాణం దక్కింది గాని భుజం దగ్గరి ఎముక విరిగింది. నాలుగు నెలల కూలి పోయింది. బండిని షెడ్డుకు తెచ్చి విప్పితే బ్రేకు పలకలు అరగలేదు, ఏ భాగమూ విరగలేదు. తప్పు నూనెలో ఉన్నది. రెండు వారాల క్రితం ఎవరో పాత నూనె దించి, బజారులో దొరికిన గేరు నూనె పోశారు. నూనె మంచిదే, ధర కూడా ఎక్కువే. ఆ బండికి మాత్రం పనికిరాదు.

"సార్, గీ డబ్బల మీదంత ఇంగ్లీషే. మా పోరగాండ్లకు అంకెలొక్కటే కండ్లవడ్తయి. నాలుగు కన్న అయిదు పెద్దది గదా, గదే మంచిదనుకుంటరు. మీరు జర షెడ్డు గోడ మీద తెలుగుల రాసియ్యుండ్రి" అన్నాడు.

వ్రాయడానికి ముందు నాకు అర్థం కావాలి గదా. ఆ విధంగా అరవై దాటిన తరువాత శిష్యుని దగ్గర శిష్యరికం చేశాను. ఇక్కడ వ్రాసేది ఆ చదువు సారాంశం.

మా చిన్ననాడు ఈ ప్రాంతంలో చెరకు ఎడ్లబండ్ల మీదనే పోయేది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటికి చెరకు వచ్చింది, చెరకుకు బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. గానుగ ఆడే కాలంలో బండ్లు ఫ్యాక్టరీ వాకిట రాత్రంతా వరుసలో నిలిచేవి. ప్రతి బండికీ ఒక వెదురు గొట్టం వేలాడేది. అందులో ఆముదం, గడ్డి కాల్చిన మసి కలిపిన కందెన, దాన్ని పూయడానికొక పుల్ల. బయలుదేరే ముందు చీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి జరిపి, ఇరుసుకు కందెన పట్టించి మళ్లీ చీల దిగగొట్టేవారు. నూనె కారిపోకుండా మసి పట్టి ఉంచేది. 

ఆముదాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు తెలుస్తున్నది. చిక్కనిది, లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే గుణం కలది, ఒత్తిడికి తొందరగా చెదరనిది. మన మెట్టచేలలో పండే ఆ ఆముదమే సీమకు పోయి కొత్త పేరు పెట్టుకున్నది. 1899లో వేక్‌ఫీల్డ్ అనే దొర లండనులో పెట్టిన నూనెల కంపెనీ, తన ఇంజను నూనెలో ఆముదం కలిపి 1909లో దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. క్యాస్టర్ అంటే ఆముదమే గదా. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల ఇంజన్లలో అనేకం ఆముదం మీదనే తిరిగాయి. పందెపు కార్లవాళ్లు ఆ తరువాత కూడా చాలా ఏళ్లు దాన్ని వదలలేదు. అయితే ఆముదానికి ఒక దోషం ఉంది. వేడికి, గాలికి బంకగా మారుతుంది. బండి ఇరుసుకైతే రోజూ కొత్తగా పూస్తాము కనుక ఇబ్బంది లేదు. మూసిన పెట్టెలో నెలల తరబడి ఉండవలసిన నూనెకు ఆ బంక పనికిరాదు.

ఇరుసుకు జిడ్డు పట్టించడం మనవారికి ఎంత తెలిసిన సంగతి అంటే, చరకుడు అభ్యంగన స్నానం గుణాన్ని చెబుతూ దాన్నే ఉపమానంగా తెచ్చుకున్నాడు. నూనె పట్టించిన కుండలాగా, తోలులాగా, ఇరుసులాగా శరీరం కూడా గట్టిపడి శ్రమకు ఓర్చుకుంటుందని ఆయన భావం. సంస్కృతంలో స్నేహమంటే జిడ్డు, చెలిమి రెండూను. రెండు గట్టి వస్తువులు ఒకదాన్నొకటి తినకుండా నడుమ నిలిచేది స్నేహం. తెలుగు పాఠంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గేరు పన్నుల మధ్య దాన్ని చూస్తానని మాత్రం అనుకోలేదు.

ఎడ్లబండిలో ఇరుసు కదలదు, దాని మీద చక్రం మెల్లగా తిరుగుతుంది. కందెన పని అంతే. మోటారు బండి వెనుక ఇరుసు సంగతి వేరు. ఇంజను తిప్పుడు ముందు నుంచి వెనుకకు ఒక కడ్డీ ద్వారా వస్తుంది. చక్రాలు దానికి అడ్డంగా తిరగాలి. ఆ మలుపు తిప్పేవి రెండు గేర్లు. కడ్డీ చివర ఉన్న చిన్నది పినియన్, దానితో పన్ను కలిపే పెద్ద పళ్లెం క్రౌన్. పూర్వం పినియన్ సరిగ్గా క్రౌన్ నడిమికి ఎదురుగా ఉండేది. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ, గ్లీసన్ వారి కొత్త గేర్లతో, పినియన్‌ను నడిమికి కిందుగా దించింది. దానివల్ల కడ్డీ కిందికి దిగింది, కారు కూడా కొంచెం కిందికి దిగింది. వీటిని హైపాయిడ్ గేర్లు అంటారు. లాభంతో పాటు ఒక చిక్కు వచ్చింది. అంతవరకు పన్ను మీద పన్ను ఎక్కువగా దొర్లేది. ఇప్పుడు దొర్లుతూనే పక్కకు ఒరుసుకుంటూ జారసాగింది. రెండు చేతులు ఒకదానికొకటి గట్టిగా నొక్కి రుద్దండి, అరచేతుల వేడి చెబుతుంది.

అంత ఒత్తిడిలో అంత రాపిడికి ఒట్టి నూనె నిలువదు, పన్నుల నడుమ నుంచి పిండినట్లు బయటకు పోతుంది. అందుకని నూనెలో గంధకం, భాస్వరం చేరిన మందులు కలుపుతారు. గేరు నూనె డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు గంధకానిదే. పన్ను మీద పన్ను గీసుకొని వేడెక్కిన చోట ఆ మందు ఇనుముతో కలిసి పలుచని పొరగా ఏర్పడుతుంది. తరువాత రాపిడిలో అరిగేది ఆ పొర, పన్ను కాదు. అరిగిన చోట మళ్లీ పొర కడుతుంది. తాను పోయి పన్నును నిలబెట్టే ఆ పొర నాకు చాలా నచ్చింది. అయితే ఈ మందు అందరికీ మిత్రుడు కాదు. ఉక్కును కాపాడే గంధకమే ఇత్తడిని, కంచును కొద్దికొద్దిగా తింటుంది.

డబ్బా మీది జీఎల్-4, జీఎల్-5 అనే గుర్తుల మర్మం ఇక్కడుంది. అమెరికా పెట్రోలియం సంస్థ పెట్టిన ఈ గుర్తులు తరగతులు కావు, నాలుగు చదివి అయిదుకు పోవడానికి. జీఎల్-5లో ఆ మందు జీఎల్-4కు ఇంచుమించు రెండింతలు ఉంటుంది. అది హైపాయిడ్ ఇరుసు కోసం. గేరుపెట్టెలో ఇత్తడి, కంచు వలయాలు ఉంటే చాలామంది తయారీదారులు అడిగేది జీఎల్-4. ఇప్పుడు కొన్ని నూనెలు కంచుకు హాని చేయని మందులతో వస్తున్నాయి, నిజమే. డబ్బా మీద ఆ మాట స్పష్టంగా ఉంటేనే నమ్మాలి.

రెండవ అంకె చిక్కదనానిది. షెడ్లలో తొంభై నంబరు అనేది ఇదే. ఇంజను నూనె నలభై, గేరు నూనె తొంభై కనుక రెండవది రెండింతలు చిక్కనిదని నేనూ అనుకొనేవాడినే, శిష్యుడు వివరించేదాకా. అవి రెండు వేరు వేరు కొలబద్దలు. నూరు డిగ్రీల వేడిలో తొంభై నంబరు గేరు నూనె చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు. నలభై నంబరు ఇంజను నూనె 12.5 నుంచి 16.3 లోపు, యాభై నంబరు 16.3 నుంచి 21.9 లోపు. అంటే గేరు తొంభై, ఇంజను నలభై, యాభైల నడుమ ఎక్కడో కూర్చుంటుంది. నూరు మార్కుల పరీక్షలో తొంభైకీ, యాభై మార్కుల పరీక్షలో నలభై అయిదుకూ తేడా ఏముంది? పంతుళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. నూటనలభై నంబరు మాత్రం నిజంగా చిక్కనిది, 24 నుంచి 32.5 లోపు.

ఇక ఆ కాలువ కట్ట మీది ట్రాక్టరు. ఇప్పటి ట్రాక్టర్లలో అధికభాగం ఆయిల్ బ్రేకు బండ్లు. గేరుపెట్టె, క్రౌన్, ట్రాలీని పైకెత్తే హైడ్రాలిక్ పంపు, బ్రేకు పలకలు అన్నీ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. ఒకే ఇంట్లో ఉమ్మడి కాపురం. పన్నులకు జారుడు కావాలి, బ్రేకులకు పట్టు కావాలి, పంపుకు పలుచన కావాలి. ముగ్గురికీ సర్దిచెప్పే నూనెను ప్రత్యేకంగా తయారుచేస్తారు. అదే ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్ నూనె, బజారులో వెట్ బ్రేక్ ఆయిల్ అంటారు. ఆ ఇంట్లో జీఎల్-5 పోస్తే పన్నులు సుఖంగా ఉంటాయి గాని బ్రేకు పలకలు ఒకదాన్నొకటి సరిగా పట్టవు. పట్టీ పట్టక వణుకుతాయి, ఆ వణుకే కీచుమనే అరుపు. పైగా ట్రాక్టరులోని క్రౌన్ సాధారణంగా హైపాయిడ్ కాదు, పినియన్ నడిమికే ఉంటుంది. కనుక అంత మందు దానికి అక్కరే లేదు. అక్కరలేని బలం కోసం అవసరమైన పట్టును పోగొట్టుకున్నారన్న మాట. పొడి బ్రేకులున్న పాత బండ్లకు గేరు నూనె పోసి పోసి అలవాటైన చేయి కొత్త బండికి కూడా అదే పోసింది.

గోడ మీద వ్రాయడానికి కూర్చున్నప్పుడు మొదట నేను తైలం అని వ్రాశాను. శిష్యుడు చూసి, "సార్, తైలమంటె నెత్తికి పెట్టుకునేదనుకుంటరు" అన్నాడు. కొట్టివేసి నూనె అన్నాను. అదీ వంటింట్లోదే అన్నాడు. చివరికి ఆయిల్ అనే వ్రాశాను. గోడ మీద ఇప్పుడున్నది ఇది:

"ఆయిల్ బ్రేకు బండికి ట్రాక్టరు వెట్ బ్రేక్ ఆయిలే పోయాలె. పొడి బ్రేకు బండికి కంపెనీ పుస్తకంల రాసిన గేరు ఆయిల్ పోయాలె. అంకె పెద్దదని ఆయిల్ మంచిది కాదు. కరిగెట అయిపోయినంక ఆయిల్ పాలలెక్క తెల్లవడితె నీళ్లు వచ్చినట్టు, దించి మార్చాలె. బిరడ దాక పోసి ఆపాలె, ఎక్కువ పోస్తె ఆయిల్ సీలు దాటి బయటికొస్తది."

నలభై ఏళ్లు గ్రాంథికానికీ వ్యావహారికానికీ నడుమ తగవులు తీర్చిన చేతితో ఈ వాక్యాలు వ్రాసినందుకు నాకు చిన్నతనం అనిపించలేదు. కరిగెట అంటే ఏమిటని కోస్తా మిత్రులు అడుగుతారేమో, మీరు దమ్ము అనేదే. ఆ బురదలో ఇరుసు మునిగేదాకా తిరిగిన బండిని, నూనె చూడకుండానే చెరకుకు కట్టడం ఇక్కడ మామూలు. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత ఇక్కడి చెరకు మరింత దూరపు మిల్లులకు పోవలసి వచ్చింది. బాట పెరిగితే ఇరుసు మీద, బ్రేకు మీద పని కూడా పెరుగుతుంది గదా.

ఈ కథలో ఇంకొక అంకం ఉన్నది. శిష్యుని కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. నన్ను తాతా అనే పిలుస్తాడు. ముగ్గురు మిత్రులతో కలిసి పాత కాంటెస్సా కారొకటి కొన్నాడు. హిందుస్తాన్ మోటార్స్ వారు 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన పొడుగాటి కారు అది, వెనుక చక్రాలు లాగే బండి. దానితో డ్రాగ్ పందేలకు పోవాలని వారి కోరిక. డ్రాగ్ అంటే లాగడమని విని నేను మన బండలాగుడు పోటీలను తలచుకున్నాను. అక్కడ ఎడ్లు బండను లాగుతాయి. ఇక్కడ లాగడానికి బండ లేదు. రెండు కార్లు పక్కపక్కన నిలిచి, దీపం పడగానే తిన్నని బాట మీద పావు మైలు, అంటే 402 మీటర్లు, ఉరుకుతాయి. అమెరికాలో 1951 నుంచి దీనికొక జాతీయ సంఘమే ఉన్నది. వారి పెద్ద తరగతి బండ్లకు 2008 నుంచి బాటను వెయ్యి అడుగులకు కుదించారు. ఆ వెయ్యి అడుగులను నాలుగు సెకన్లలోపే దాటేస్తాయట. మన దగ్గర చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై పందెపు బాట మీద ఇటువంటివి జరుగుతుంటాయి.

ఆ కాంటెస్సా వెనుక ఇరుసుకు ఏ నూనె పోయాలన్న దాని మీద తండ్రీ కొడుకులు మా వరండాలో వాదించుకున్నారు. తండ్రిది చెరకు లెక్క. బరువెక్కువైతే చిక్కని నూనె, నూటనలభై. కొడుకు పలుచని సింథటిక్ నూనె, 75 డబ్ల్యు 90, జీఎల్-5 అంటాడు. డబ్ల్యు అంటే చలికాలపు కొలత, ఆ అంకె ఎంత తగ్గితే అంత చలిలోనూ పారుతుందని అర్థం.

ఇద్దరి మాటలూ విన్నాక నాకు తోచింది వ్రాస్తాను. చెరకు బండి గంటల తరబడి గుంజుతుంది. లోపలి నూనె కాగి పలుచబడుతుంది, కనుక మొదటే చిక్కగా ఉండాలన్న మాటలో న్యాయం ఉన్నది. పందెపు కారు కష్టమంతా పదిహేను సెకన్లు. నూనె కాగేలోపు పందెం ముగుస్తుంది. చల్లగా ఉన్న చిక్కని నూనె చలికాలపు బెల్లం పాకం వంటిది. క్రౌన్ దాన్ని కోసుకుంటూ తిరిగితే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, పాకం వచ్చి ఆ ఖాళీని వెంటనే నింపదు. పన్నుకు నూనె అందవలసిన క్షణంలోనే అందదు. పైగా ఆ పాకాన్ని చిలకడానికే ఇంజను బలం కొంత ఖర్చవుతుంది. పదో వంతు సెకనుకు కొట్లాడేవానికి అది నష్టం. ఇక దీపం పడిన క్షణాన, మెత్తని టైరు నేలను కరచిపట్టుకున్నప్పుడు, బలమంతా ఒకటి రెండు పన్నుల మీద సుత్తి దెబ్బలాగా పడుతుంది. ఆ దెబ్బను కాచేది ముఖ్యంగా గంధకపు పొర, చిక్కదనం ఆ తరువాతే. కనుక కాంటెస్సా వంటి మోస్తరు బలం గల కారుకు కొడుకు మాటే సరి. తండ్రి మాట పూర్తిగా తోసివేయదగినది కాదు. వేయి గుర్రాలు దాటిన పెద్ద బండ్లవాళ్లలో ఇప్పటికీ నూటనలభై, అంతకన్నా చిక్కనివి వాడేవారున్నారు. ఫోర్డు వారు 1957లో తెచ్చిన తొమ్మిదంగుళాల ఇరుసు అక్కడి పందెగాళ్లకు ప్రాణం. అందులో పినియన్ మిగతావాటికన్నా చాలా కిందికి దిగి ఉంటుంది. పన్ను పట్టు ఎక్కువ, దానికి తగ్గట్టే జారుడు రాపిడీ ఎక్కువ. దానికి సరిపడిన నూనె మన కాంటెస్సాకు కూడా సరిపోవాలని ఎక్కడున్నది?

ఆ పిల్లలు ఇంకొక పని చేశారు. రెండు వెనుక చక్రాలూ ఒకేసారి తిరగాలని లోపలి డిఫరెన్షియల్ గేర్లను వెల్డింగు చేశారు. మలుపులో చక్రాలు వేరు వేరు వేగంతో తిరగలేవు కనుక అటువంటి బండిని ఊరి బాట మీద నడపరాదని వాళ్ల నాయన గట్టిగా చెప్పాడు. నూనె విషయంలో మాత్రం దానివల్ల ఒక సులువు. లోపల బిళ్లల క్లచ్ ఉన్న డిఫరెన్షియల్‌కు, అవి వణకకుండా జారుడు మందు వేరుగా కలపాలి. ఇక్కడ బిళ్లలే లేవు, ఆ మందూ అక్కరలేదు. అంగడివాడు అమ్మజూపినా కొనలేదు.

క్రౌన్, పినియన్ జత కొత్తది వేశారు. ఇక్కడ మాత్రం తండ్రి మాట నెగ్గింది. కొత్త పన్నులు మొదట మామూలు ఖనిజపు నూనెలోనే ఒకదానికొకటి అలవాటు పడాలి. పావుగంట మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడిపి, కొన్ని వందల మైళ్ల తరువాత ఆ నూనె పారబోసి అప్పుడు సింథటిక్ పోయాలి. కుర్రవాళ్లకు ఓపిక లేదు, పందెం దగ్గరపడుతున్నది. అయినా తండ్రి బండి తాళం తన దగ్గరే పెట్టుకొని, తానే బోధన్ బాట మీద పొద్దున్నే తిన్నగా పోయి తిన్నగా వచ్చాడు. వెల్డింగు చేసిన బండిని మలుపు తిప్పవలసిన చోట టైర్లు ఎట్లా ఏడ్చాయో చెబితే నవ్వు వచ్చింది.

పోయిన నెల ఆ మొదటి నూనెను దించినప్పుడు నన్ను పిలిచారు. దించే బిరడకు ఒక అయస్కాంతం ఉంటుంది. దాని మీద నల్లని మెత్తని బురద అంటుకొని ఉన్నది. తండ్రి దాన్ని రెండు వేళ్ల నడుమ నలిపి చూశాడు. గింజ తగిలితే పన్ను విరిగినట్టు, మెత్తగా ఉంటే అరుగుడు మామూలే. నా వేళ్ల మీద కూడా కొంచెం పూశాడు. మెత్తగానే ఉన్నది, చిన్నప్పటి బండి కందెనలోని మసి అంత మెత్తగా. "పాస్ సార్" అన్నాడు. కొడుకు ఆ పూటే పలుచని నూనె పోసి బిరడ బిగించాడు.